మా తమ్ముడు మరిగిపోతున్నాడనుకున్న రోజు

మా చిన్నప్పుడు... రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గురజాల దగ్గర మా పల్లెలో ఒక మధ్యాహ్నం ఊళ్ళు తిరిగి మందులిచ్చే నర్సమ్మ మా తమ్ముడు దానేలు చంకలోంచి జ్వరం చూసే గాజు పుల్ల తీసి, వెలుతురుకు తిప్పి చూసి, “నూట మూడు” అంది. నా గుండె జారిపోయింది.

ఎందుకంటే ముందు రోజే బళ్ళో మేష్టారు చెప్పారు... నూరు డిగ్రీల దగ్గర నీళ్ళు మరుగుతాయని. మరి నూట మూడంటే? పైగా పొద్దుటి నుంచి నాయనమ్మ అంటూనే ఉంది, “పిల్లోడి ఒళ్ళు సలసలా కాగిపోతంది” అని. జ్వరమొస్తే అందరూ అనే మాటే అది. నేను మాత్రం ఆ రోజు దాన్ని ఉన్నదున్నట్టు నమ్మాను. వాడి ఒంట్లో నెత్తురు మరుగుతోందనుకున్నాను.

అంతకు ముందు ఏడే మా చెల్లెలు రూతు చలిజ్వరంతో పోయింది. వీణ్ణి మాత్రం పోనివ్వకూడదు... నా బుర్రలో ఉన్నది అదొక్కటే.

నర్సమ్మ క్వినైన్ ఇచ్చి, పక్క ఊళ్ళో కాన్పు ఉంది, సాయంత్రం మళ్ళీ వస్తానని బండెక్కింది. అమ్మా నాన్నా జొన్నకోతకు పోయారు. ఇంట్లో నేనూ నాయనమ్మే. దానేలుకు వణుకు తగ్గింది గానీ ఒళ్ళు నిప్పులాగే ఉంది. నాయనమ్మ బొంతలు కప్పి, వాటి మీద గొంగడి కూడా వేసి, చెమట పడితే జ్వరం దిగుతుందని పక్కనే కూర్చుంది.

నేను మొండిదాన్ని. ఇప్పటికీ మావాళ్ళు అదే అంటారు. ఎసరు పొంగితే ఏం చేస్తాం? మూత తీస్తాం, ఇన్ని చన్నీళ్ళు చల్లుతాం... పోయి గొంగడి లాగేశాను.

“ఏమే, నీకేమన్నా పిచ్చి పట్టిందా? గాలి తగిలితే సంధి కొట్టి పలవరిస్తాడు వాడు” అని నాయనమ్మ మళ్ళీ కప్పింది. నేను మళ్ళీ లాగాను. ఆవిడ ఒక కొస, నేనొక కొస...

“రూతుకీ ఇట్టాగే కప్పావు గదా. బతికిందా?” అన్నాను.

నాయనమ్మ గొంగడి వదిలేసింది. గోడవైపు తిరిగి కూర్చుంది. నేను పాత చీర గుడ్డ తడిపి వాడి నుదురు, మెడ, చంకలు తుడుస్తూనే ఉన్నాను. చేతులు పీకేశాయి... ఆపలేదు.

పొద్దు వాలుతుండగా నర్సమ్మ వచ్చింది. పుల్ల పెట్టి చూసి, “నూరు. బాగా దిగింది” అంది. నేను భోరుమన్నాను.

“నూరంటే ఇంకా మరుగుతానే ఉన్నాడు గదమ్మా.”

నర్సమ్మకు ముందు అర్థం కాలేదు. మేష్టారి పాఠం సంగతి చెప్పాక పడీ పడీ నవ్వింది. “మీ మేష్టారు చెప్పింది సెంటిగ్రేడు. ఈ పుల్ల మీదుండేది ఫారన్‌హీటు. కొలత వేరే” అంది.

“ఒక్క వేడికి రెండు కొలతలేంది?”

“మీ ఆసామి తను కొలుచుకునే కుంచం, మీకు కూలి కొలిచే కుంచం ఒకటేనా?”

నాయనమ్మ గోడ దగ్గర నుంచే అంది, “ఒకటెట్టా అవుద్దమ్మా? ఆయన కొలుచుకునేది చానా పెద్దది.”

“ఇదీ అంతే. గింజలు అవే అయినా చిన్న కుంచంతో కొలిస్తే లెక్క ఎక్కువొస్తుంది. ఈ కొలతలో మనిషికి తొంభై ఎనిమిది మామూలు. నీళ్ళు మరగాలంటే రెండొందల పన్నెండు దాకా పోవాలి.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక కొలతలోంచి ఇంకో కొలతలోకి మార్చే లెక్క నేర్పేదాకా ఆ తర్వాత మేష్టారిని వదల్లేదనుకోండి... అది వేరే సంగతి.

“నీ లెక్క తప్పే. చేసిన పని మాత్రం రైటు” అంది నర్సమ్మ. “వణుకు తగ్గాక ఆ బరువంతా పిల్లోడి మీద ఉంచకూడదు.”

ఆ మాట విని నాయనమ్మ ఇటు తిరిగింది. “అయితే అమ్మా... మా రూతును నేనే చంపుకున్నానా?”

నర్సమ్మ పోయి నాయనమ్మ పక్కన కింద కూర్చుంది. చెయ్యి పట్టుకుని, “లేదు పెద్దమ్మా. ఆ బిడ్డకొచ్చింది వేరే జ్వరం. దుప్పటి తీసినా ఆగేది కాదు” అంది.

నర్సమ్మ రూతును ఎన్నడూ చూడలేదు. మా ఊరు రావడం మొదలుపెట్టిందే ఆ పిల్ల పోయిన తర్వాత. ఆ సంగతి నాకు తెలుసు... నాయనమ్మకూ తెలుసు. అయినా ఆ సాయంత్రం నాయనమ్మ లేచి, మొహం కడుక్కుని, ఇంత సంకటి తిన్నది.

దానేలు బతికాడు. ఇప్పుడు వాడికి మునిమనవలు. వాళ్ళ ఇళ్ళల్లో నుదుటికి తాకకుండానే జ్వరమెంతో చెప్పే మిషన్లున్నాయి, రెండు కొలతల్లోనూ చూపిస్తాయి. మంచిదే. కానీ అంకె చూసి ఊరుకోకుండా పక్కన కింద కూర్చుని, ఎదుటి మనిషి మోయగలిగినంతే చెప్పేవాళ్ళు ఈ మధ్య నాకు ఎక్కడా కనిపించడం లేదు... మీ ఇళ్ళకు అలాంటి మనిషెవరైనా వచ్చారా? వస్తే ఆ రోజు ఏమన్నారో రాయండి, చదువుతాను.