గంగల సోంస్, మా ఇంట్ల పంచాయితి

ఎనభైల చివర. నేతోళ్ల వాడ జోడ్‌భావి పేట్ల మా ఇంటికి పెద్దబాపు నలుగురు కులపెద్దలను ఎంబడివెట్టుకొని వచ్చిండు. నేను బీహార్ నుంచి సెలవు మీద వచ్చి మూడు రోజులైంది. గంగల డాల్ఫిన్లను లెక్కవెట్టుడు, అవి చావకుండ చూసుడు నా పని. అక్కడోళ్లు వాటిని సోంస్ అంటరు.

“పెండ్లి కావలసిన పోరి మగోళ్లతోని నావల తిరుగుతదా? చాపల కోసం చదివినవా ఇంత చదువు?” అన్నడు పెద్దబాపు.

“అవి చాపలు గావు పెద్దబాపూ. పిల్లలకు పాలిస్తయి.”

కులపెద్దల్ల ఒకాయన నవ్విండు. నాకు మండింది. ఆ చలికాలం జరిగింది అంతా చెప్పిన.

ఒక జాలరాయన నైలాన్ వలల సోంస్ పిల్ల చిక్కింది. ఊపిరికి పైకి రాలేక కొట్టుకుంటున్నది. దాన్ని చంపి నూనె తీస్తనన్నడు ఆయన. ఆ నూనె చాపలకు ఎర. నాతోని నావల వచ్చిన మా పై సార్ జైలు, చట్టం అని బెదిరిస్తే ఆయన ఇంకా మొండికేసిండు. వల కోస్తే ఇంటిల్లిపాది పస్తులే అన్నడు. నేను నడుములోతు నీళ్లల్లకు దిగిన.

“కోస్త. మళ్ల నేనే అల్లి ఇస్త.”

“నీకు వల అల్లుడు వస్తదా?”

“నేతోళ్ల బిడ్డను,” అన్న.

కోసిన. పిల్ల సుస్సుమని ఊపిరి తీసి మునిగిపోయింది. ఇగ రెండు రోజులు ఒడ్డున కూసొని ఆ చినుగును అల్లిన. కుంఠా నాకా మగ్గాల కార్ఖానాల బాపు తెగిన పోగుకు వేసే ముడి, వల ముడి ఒక్కటే. జాలరాయన ఒక్కో ముడి గుంజి చూసిండు, వల భుజాన వేసుకొని పోయిండు. నెల తిరగకముందే ఆయనే మనిషిని పంపిండు, ఇంకోటి చిక్కింది, జల్ది రమ్మని.

నేను చెప్పుడు అయినంక కూడ పెద్దబాపు తగ్గలె. “ఇగ పోవుడు బంద్,” అన్నడు. బాపు తల వంచుకున్నడు. మూలకు బీడీలు చుడుతున్న నన్ను కన్న అవ్వ కత్తెర కిందవెట్టింది.

“నీ కొడుకు పని కోసం సూరత్ పోయిననాడు ఏ పంచాయితి కూసున్నది బావా?”

ఆయన ముందట అవ్వ గొంతు లేపుడు నేను గదే మొదటిసారి చూసిన. పెద్దబాపు చాయి ముట్టకుండనే లేచి పోయిండు.

సెలవు ఇంకా వారం ఉండె. అయినా మళ్ల పంచాయితి కూసోకముందే, మర్నాడే స్టేషన్‌కు పోయి బీహార్‌కు టికెట్ తీసుకున్న. పెద్దబాపు నాతోని నాలుగేండ్లు మాట్లాడలె. ఆ నాలుగేండ్లు నేను గంగ మీదనే ఉన్న.