మొక్కిన గడ్డం

శుక్రవారం పొద్దున మా అక్క ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "మీ బావ పోయినాడురా" అనింది. అంతే అనింది. చొక్కా తగిలించుకుని కనకమ్మ సత్రం ఊళ్ళో తిరువళ్ళూరు బస్సెక్కినా. యాడ టికెట్ తీసుకున్నానో, యాడ దిగినానో జ్ఞాపకం లేదు.

నాకు చదువు తక్కువ. తప్పులుంటే మీరే సర్దుకోండి. బావ గురించి నేను రాయకపోతే ఇంకెవురు రాస్తారు? మగ్గం గుంతలో కాళ్ళు పెట్టేది నాకు నేర్పించింది ఆయనే. పోగు తెగితే నేను తిట్టుకునేవాణ్ణి. ఆయన, "అరిస్తే అతుక్కుంటాదా? ముడెయ్యి" అనేవాడు. ఆయన ముడేసేటప్పుడు కూడా నోట్లో బీడీ ఉండేది. ఆ బీడీలే రొమ్మును తినేసినాయి. కడాకు మూడు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేవాడు.

పోయినేడు ఆయాసం జాస్తి అయినప్పుడు నేను తిరుత్తణి కొండ మీది సామికి మొక్కినా. బావకి తగ్గితే ఆడికృత్తిక పండక్కి ఆయన గడ్డం ఇప్పిస్తానని. ఆయన్ని అడగలేదు. నేను అడిగే మనిషిని కాదు. ఆయనకి మొక్కులంటే పెద్ద నమ్మకం లేదు. అయినా నా మాట కోసరం రెండు నెలలు కత్తి ముట్టలేదు. గడ్డం గుబురుగా పెరిగింది.

"బామ్మర్దీ, మీ సామి నాకు దురద ఇచ్చినాడు గానీ ఊపిరి ఇయ్యలేదే" అని ఎగతాళి చేసేవాడు.

పండక్కి ఇంకా పది దినాలు ఉండంగానే మళ్ళీ ఆయాసం పట్టుకునింది. తిరువళ్ళూరులో ఆస్పత్రికి ఎత్తుకుపోయినాము. పెదవులు నీలం. పిలిస్తే కండ్లు తెరుస్తాడు, మళ్ళీ మత్తులో పడతాడు. డాక్టరమ్మ ముక్కూ నోరూ మూసేట్టు మాస్కు కట్టి మిషను పెట్టింది. పీల్చినప్పుడల్లా అది గాలి తోసి, అలిసిపోయిన రొమ్ముకి ఆసరా ఇస్తాదంట. ఆ గాలంతా గడ్డం సందుల్లో బుస్సుమని బయటికి పోతా ఉండాది. మిషను కుయ్యోమని అరస్తా ఉండాది.

"తాతా, గడ్డం తీయాల. మాస్కు అతుక్కోవడం లేదు" అనింది నాతో.

"అది దేవుడికి మొక్కింది. కొండ మీద తప్ప కత్తి పెట్టకూడదు" అన్నా.

"రెండు గంటల్లో రక్తం మళ్ళీ చూస్తాను. లోపలి చెడ్డగాలి దిగకపోతే గొంతులో గొట్టం వెయ్యాల. వేస్తే, ఈ ఊపిరితిత్తులకి దాన్ని మళ్ళీ తీసేది కష్టం. మీరే చెప్పండి."

మా అక్క నా చెయ్యి గిల్లి, "మొక్కు నీదిరా. మొగుడు నావోడు" అనింది.

సామికిచ్చిన మాట తప్పితే బావకే ఏమన్నా అయితాదని భయం. తప్పకపోయినా అదే భయం.

అప్పుడు బావ కండ్లు తెరిచి మాస్కు కొంచెం పైకెత్తినాడు. "మొక్కింది... నువ్వు" అన్నాడు. ఇంకో ఊపిరి తీసుకుని, "గీసేదీ... నువ్వే."

నర్సు ఆయన ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించి, నాకు కత్తెర, రేజరు ఇచ్చింది. నలభై ఏండ్లు సన్న పోగులు ముడేసిన చేతులు నావి, అయినా దవడ కింద రెండు చోట్ల తెగింది. మళ్ళీ మాస్కు కడితే బుస ఆగింది. రెండు గంటలు నేను గడియారం చూడలేదు, ఆయన రొమ్మునే చూసినా. డాక్టరమ్మ కాగితం పట్టుకొచ్చి, "దిగతా ఉంది తాతా" అనింది. వరండాలోకి పోయి ఏడ్చినా. ఇది మా అక్కకి కూడా తెలీదు.

ఆ వెంట్రుకలు గుడ్డలో కట్టి పండగనాడు కొండ మీద ఇచ్చినా. చాలదేమోనని నా మీసం కూడా ఇచ్చినా. బావ నన్ను చూసి, "ఇప్పుడు నీకే ఆయాసం వచ్చినట్టుండావురా" అని, నవ్వలేక దగ్గినాడు.

ఆ తరవాత దినామూ పొద్దున్నే గడప మీద కూర్చుని గడ్డం గీసుకునేవాడు. "ఎప్పుడు మాస్కు పెట్టాల్సొస్తాదో, తయారుగా ఉండాలగదా" అనేవాడు. నేను వాళ్ళింటికి ఎప్పుడు పోయినా ముందు ఆయన పెదవుల రంగు చూసి, ఆ తరవాతే కూర్చునేవాణ్ణి.

ఈ తూరి ఆస్పత్రిలో మాస్కు బాగానే అతుక్కునింది. మూడు దినాలు మిషను దాని పని అది చేసింది. రొమ్మే ఇంక చాలనింది. మీ ఇండ్లల్లో ఆయాసం మనిషి ఉంటే, ఆ మనిషిని అడగకుండా ఏదీ మొక్కబాకండి.

ఇంటికి తెచ్చి నీళ్ళు పోసేటప్పుడు చూసినా. ముక్కు దూలం మీద మాస్కు అదిమిన ఎర్ర గీత అట్లనే ఉండాది. మా అక్క దానికి కొబ్బెర నూనె పూసి, మంట పుడతాదేమోనని, వంగి మెల్లగా నోటితో ఊదతా ఉండాది.