తమ్ముడు నా వీపు మీద పెరిగాడు

పసిబిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుంటే చాలా లాభాలున్నాయంటారు. ఉన్నాయి. కాదనడానికి నేనెవరిని? బిడ్డ ఏడవదు, వెచ్చగా ఉంటుంది, కడుపునిండా పాలు తాగుతుంది. కట్టుకున్న మనిషికి రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఇవన్నీ నాకు తొమ్మిదేళ్లకే తెలుసు. కాకపోతే నేను కట్టుకున్నది నా బిడ్డను కాదు, మా అమ్మ బిడ్డను. అంతే తేడా.

మాది గద్వాల దగ్గర ఒక ఊరు. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లోని మాట ఇది. మాకు భూమి లేదు. నాయిన మేస్త్రి వెంట పూనా వైపు మట్టి పనులకు పోయి, పండుగకో పెళ్లికో ఊరికి వచ్చేవాడు. అమ్మ విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో కూలికి పోయేది. ఆ పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. సాయంత్రం మొగ్గలను గోటితో ఒలిచి పెట్టాలి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి వాటికి అద్దాలి. చెయ్యి కొంచెం మోటుగా తగిలినా మొగ్గ రాలుతుంది. మొగ్గ రాలితే చేను ఆసామి నోరు ఊరుకోదు.

అలాంటి చేలోకి చంటిపిల్లలను రానిచ్చేవాడు కాదాయన. తల్లి వీపున ఉన్న పిల్లాడు చెయ్యి చాపి మొగ్గలు తెంపుతాడని ఆయన బాధ. చేనంతా పురుగుమందు కొట్టారని అమ్మ బాధ. ఇద్దరి బాధలూ కలిసి నా నడుము మీదికి వచ్చాయి.

తమ్ముడికి మూడో నెల దాటగానే అమ్మ పనికి లేచింది. "తమ్ముని జూస్కో బిడ్డా. పగటేళ పాలకు చేనుకాడికి తోలుకరా" అంది.

"మరి బడి?" అన్నాను. అప్పుడు నేను నాలుగో తరగతి.

"ఎత్తుకొని పో. బడి ఏమన్న ఉరికిపోతదా?"

నిజమే, బడి ఎక్కడికీ ఉరికిపోలేదు. ఉన్నచోటే ఉంది. నేనే దాని లోపల ఉండలేకపోయాను. చంకన పిల్లాడు, ఎడమ చెయ్యి వాడికి, కుడి చెయ్యి పలకకు. పలక పట్టుకుంటే వాడు జారతాడు, వాడిని పట్టుకుంటే పలక జారుతుంది. మా బడికి సారు ఒక్కడే, తరగతులు మాత్రం ఐదు. "వాడు ఏడిస్తే బయటికి పో" అని నన్ను గడప దగ్గర కూర్చోబెట్టాడు. వాడు ఏడ్చేవాడు, నేను బయటికి పోయేదాన్ని. ఆ రోజుల్లో నాకు వచ్చిన పాఠాలన్నీ కిటికీ అవతల నిలబడి విన్నవే.

గుడ్డ కట్టడం నేర్పింది మా జేజి, అంటే నాయినను కన్న తల్లి. ఆమెకు కళ్లకు పొరలొచ్చి మనుషులను గొంతుతోనే గుర్తుపట్టేది. అందుకే పిల్లాడిని రోజంతా ఆమె మీద వదిలేసే ధైర్యం ఎవరికీ లేదు. ఒకరోజు నేను నడుము పట్టుకుని మూలుగుతుంటే దగ్గరికి పిలిచింది.

"గట్ల సంకన యాలాడేస్కుంటే నడుమిరుగుతది. ఇటు రాయే."

అమ్మ పాత నూలుచీర సగానికి చింపించింది. తమ్ముడిని నా రొమ్ముకు ఆనించి, కప్ప కూర్చున్నట్టు మోకాళ్లు పైకి పెట్టి, గుడ్డను వాడి పిర్రల కింద మోకాళ్ల దాకా పరిచింది. ఒక కొసను నా భుజం మీదుగా, ఇంకో కొసను చంక కిందుగా లాగి వీపు మీద ముడి వేసింది. అంతా తడుముకుంటూనే చేసింది.

"మెడ నిలిచేదాక ముందర కట్టాలె. నిలిచినంక ఎనక. మొఖం మీద గుడ్డ పడనియ్యకు. వాని నెత్తి నీ గదుమకు తగలాలె, అప్పుడు వాని ఊపిరి నీకు తెలుస్తది" అంది నా గడ్డం కిందికి వాడి తలను జరుపుతూ.

అప్పటిదాకా ఊరు ఎగిరిపోయేలా ఏడుస్తున్నవాడు ఊరుకున్నాడు. కాసేపటికి నిద్రపోయాడు. నేను రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాను. అవి నా చేతులేనని చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తర్వాత జరిగినవాటి మీద నాకు ఎంత కోపం ఉన్నా, ఆ సాయంత్రం మీద మాత్రం లేదు.

మర్నాడు పెద్దపిల్లలా ఓణీ పైన కప్పుకుని బడికి పోయాను. లెక్కలు చేసి సారుకు చూపించాను. ఆయన పలక చూసి, "ఏంది, ఇయ్యాల నీ తమ్ముడు రాలేదా?" అన్నాడు. ఓణీ పక్కకు తీశాను. లోపల వాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పిల్లలంతా నవ్వారు, సారూ నవ్వాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ పని అందామనుకున్నాను గానీ, సారు చేతిలో బెత్తం ఉంది.

ఆ రోజు నుంచి నాకు చదువు దొరికింది. వాడికి మెడ నిలిచాక వీపుకు మార్చాను. వాడు వీపు మీదుండగానే నీళ్లు తోడాను, ఇల్లు ఊడ్చాను, ఎక్కాలు అప్పజెప్పాను. నా ఎక్కాలే వాడికి జోలపాట. పదమూడో ఎక్కం మొదలుపెట్టేసరికి వాడి తల నా భుజం మీద వాలిపోయేది. మధ్యాహ్నం చేను గట్టు దగ్గర అమ్మ చేతులు కడుక్కుని పాలిచ్చి, మళ్లీ తనే వాడిని నా వీపుకెక్కించేది. వాడు బుగ్గలు పెట్టి గుండ్రంగా తయారయ్యాడు. "అక్క చేతి గుణం" అని ఊళ్లో ఆడవాళ్లు మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి ఎవరి సొమ్మూ పోదు కదా.

ఇంకొకటి కూడా జరిగింది. వాడు నన్ను తప్ప ఎవరినీ చేరనివ్వడం మానేశాడు. సాయంత్రం అమ్మ వచ్చి ఎత్తుకుంటే పాలు తాగినంతసేపే ఉండి, తర్వాత నా వైపు చేతులు చాపేవాడు. "నీ మీదనే ఊకుంటడు" అనేది అమ్మ. మొదట్లో ఆ మాట వింటే నాకు గర్వంగా ఉండేది.

ఆడపిల్లలకు హాస్టల్లో ఉంచి చదివించే బడి ఒకటి వనపర్తి వైపు ఉందని, పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటే ఐదు నుంచి పది దాకా అంతా సర్కారే చూసుకుంటుందని సారు చెప్పాడు. ఆయనే గద్వాలకు తీసుకుపోయి రాయించాడు. తమ్ముడిని కట్టుకుని జేజి కూడా బస్సెక్కింది. నేను లోపలికి పోయానో లేదో, బయట వాడు ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు వింటూనే లెక్కలు చేశాను. పేపరు ఇచ్చేసి వచ్చి చూస్తే, జేజి నా ఓణీ వాడి మీద కప్పి మెట్ల మీద అటూ ఇటూ ఊగుతోంది.

"నీ వాసనకు ఊకున్నడు" అంది.

మా ఊళ్లో ఎవరికీ రాని సీటు నాకు వచ్చింది. అమ్మ నిజంగానే సంతోషపడింది, అది దాచను. మురుకులు చేసి డబ్బాకెత్తింది. ఊరికి వచ్చి ఉన్న నాయిన రేకు పెట్టె కొన్నాడు. నేను ఆ చీర ముక్క ఉతకబోతే జేజి ఆపింది. "ఉతకకు. నీ వాసన ఉండనీ. అదే వానికి అక్క" అంది.

హాస్టల్లో నాకు ఒక మంచం, కిటికీ పక్కన చోటు దొరికాయి. కొత్త వాచకం వాసన చూస్తూ కూర్చున్నాను. వీపు చల్లగా, బోసిగా ఉండేది. వాడు గుర్తొచ్చి ఒకటి రెండుసార్లు ఏడ్చాను కూడా. కానీ ఇంటికి పోతానని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఈ మాట ఇక్కడ గట్టిగా రాసి పెడుతున్నాను.

వారం తిరగకముందే నాయిన వచ్చాడు. "పిల్లగాడు పాలు ముడుతలేడు. ఏడ్సి ఏడ్సి జరం దెచ్చుకుండు. జర నాల్గు దినాలు వచ్చి పో బిడ్డా" అన్నాడు. ఎక్కువ రోజులైతే సీటు ఇంకొకరికి పోతుందని వార్డెన్ మేడం ముందే చెప్పింది. నాయిన చేతులు జోడించి, "జరం దిగంగనే నేనే తోలుకొస్త మేడం" అన్నాడు. రేకు పెట్టె మంచం కిందే ఉంచి ఆయన వెంట బస్సెక్కాను.

జ్వరం నిజమే, దాన్ని నేను కాదనను. వాడు వడలిన తోటకూర కాడలా ఉన్నాడు. నేను కట్టుకోగానే నా మెడలో ముఖం పెట్టి వెక్కివెక్కి ఊరుకున్నాడు. అమ్మ దగ్గర పాలు తాగాడు, జ్వరం దిగింది. పోదామని నాయినను అడిగితే, "జర తేరుకోనీ" అంది అమ్మ. వాడు తేరుకునేలోపు మేస్త్రి కబురు చేశాడు, నాయిన పూనా వెళ్లిపోయాడు. నన్ను తీసుకుపోయేవాళ్లు లేరు. ఉన్నా పోనిచ్చేవాళ్లు లేరు.

సంగతి తెలిసి సారు మా వాకిట్లోకి వచ్చాడు. "పిల్ల బతుకు ఆగం చేస్తున్నవమ్మా. నువ్వు పంపు, నేను దింపి వస్త" అన్నాడు.

"నీకేంది సారూ! నా కొడుక్కు ఏమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా? ఈ ఏడు పోతే వచ్చే ఏడు పోతది."

"వచ్చే ఏడు సీటు ఉండదమ్మా."

"అది పోతే పిల్లగాడు ఎవరి మీద ఊకుంటడు సారూ?"

దానికి జవాబు నా దగ్గర ఉంది. నేను పోతానని, వాడు నాలుగు రోజులు ఏడ్చి అలవాటు పడతాడని, అందరి పిల్లలూ అలాగే పడతారని తలుపు వెనక నిలబడి అనుకుంటూనే ఉన్నాను. తమ్ముడు అప్పుడే నా వీపు మీద నిద్రపోయాడు. అరిస్తే లేస్తాడు. సారు పోయేదాకా నేను నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం జేజి నన్ను దగ్గరికి తీసుకుని, "గుడ్డ గట్టుడు నేర్పకపోయినా బాగుండు" అని ఏడ్చింది. మా ఇంట్లో నా కోసం ఏడ్చింది ఆమె ఒక్కతే. ఆ ఏడ్చిన కళ్లకు చూపు లేదు.

వాడు సొంతంగా నడిచే వేళకు నా సీటులో ఎవరో చదువుకుంటున్నారు. నా వేళ్లు సన్నగా ఉన్నాయని, మొగ్గలు ఒలవడానికి బాగుంటాయని అమ్మ నన్ను చేనుకు తీసుకుపోయింది. వాడికి నాలుగేళ్లు వచ్చాయి. గద్వాల కాన్వెంటు వ్యాను మా ఊరికి వస్తుందని వాడిని అందులో వేశారు. మొదటిరోజు నన్ను పట్టుకుని ఏడుస్తాడని అందరూ భయపడి, పని మాన్పించి మరీ నన్ను వ్యాను దగ్గర నిలబెట్టారు. వాడు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, కొత్త షూస్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అంటారు. వీడికి గడ్డాలదాకా ఆగాల్సిన పని కూడా పడలేదు.

నేను పది, ఆపైన డిగ్రీ ఓపెన్‌లో రాసుకున్నాను, అదంతా చాలా తర్వాత. అంతకుముందే, పద్దెనిమిది నిండగానే, నాగర్‌కర్నూల్ వైపు పెళ్లి చేసి పంపారు. ఏడాదికల్లా అక్కడి దవాఖానలో కూతురు పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది. అరచేతిలో ఇమిడేటట్టు ఉంది. చూసి భయపడ్డాను. పాప నిలబడాలంటే తల్లి ఒంటి వెచ్చదనం కావాలని సిస్టర్ ఒక మెత్తటి గుడ్డ తెచ్చి, పాపను నా రొమ్ముకు ఆనించి కట్టింది. కడుతూ లాభాలన్నీ చెప్పింది. వెచ్చగా ఉంటుందట, పాలు పడతాయట, బరువు పెరుగుతుందట, తల్లికీ బిడ్డకూ విడదీయలేని బంధం కుదురుతుందట. నేను తల ఊపుతూ, పాప మోకాళ్లు పైకి జరిపి, ముఖం మీద పడిన గుడ్డ తీశాను.

పక్కన కూర్చున్న అమ్మకు అది చూసి ముచ్చటేసింది. "ఆమెకు చెప్పే పని లేదు సిస్టరమ్మా. తమ్ముని అంత ఆమెనే మోసింది. హాస్టల్ల సీటొచ్చినా, తమ్ముని ఇడిసి ఉండలేక ఉరికొచ్చింది. చిన్నప్పటిసంది పిల్లలంటె పానం ఆమెకు" అంది.

సిస్టర్ నా వైపు చూసి మెచ్చుకోలుగా నవ్వింది.

అమ్మ అబద్ధం ఆడుతున్నట్టు లేదు. ఆమెకు అలాగే గుర్తుండిపోయింది. సీటు పోయినప్పటికంటే ఆ నిమిషం నాకు ఎక్కువ మండింది. సీటు తీసుకున్నారు సరే, దాన్ని నేనే పారేసుకున్నానని కూడా అంటున్నారు.

"నేను ఉరికిరాలే. నాయిన వచ్చి తోలుకొచ్చిండు. మీరు మల్ల తోలలే" అన్నాను.

"ఏదో ఒకటి తీయే. గిప్పుడెందుకు అవన్నీ?" అని అమ్మ నా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది. "మెల్లగ మాట్లాడు. పిల్ల లేస్తది."

కిందికి చూశాను. పాప నిద్రపోతోంది. దాని నెత్తి నా గదుమకు తగులుతోంది, ఊపిరి తెలుస్తోంది. చెప్పాల్సినవన్నీ గొంతు దాకా వచ్చి ఉన్నాయి. మింగేశాను. ఒంటికి కట్టుకున్న బిడ్డ నిద్రపోతుంటే ఏ ఆడదీ గొంతు పెంచలేదు. సిస్టర్ చెప్పిన లాభాల్లో ఇది లేదు.