గంజి తాగాడని చెప్పాను

రాసుకో చిట్టీ. తప్పులొస్తే రానీ, నీ తెలుగు సంగతి నాకు తెలుసులే. మధ్యలో ఆపకు, అంతే. ఇన్నేళ్లూ మీ నానమ్మ గుండెల మీద బండలా మోసిన మాట ఇది. మీ నాన్నకి తెలీదు. మీ అమ్మకి అసలే తెలీదు.

సునామీకి హట్ బే ఊళ్లో మన కొట్టు పోయింది. షిప్పులో పోర్ట్ బ్లెయిర్ తెచ్చి ఒక స్కూల్లో పెట్టారు. కాలు విరిగి మీ అమ్మ ఆసుపత్రిలో, మీ నాన్న ఆవిడ దగ్గర. మీ అన్న నా దగ్గర. ఫొటోలో చూశావుగా, వాడే. అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి.

వాడికి జ్వరం, వాంతులు. మా అమ్మ మాకు చేసినట్టే లంఖణం పెట్టాను. జ్వరం దిగేదాకా కడుపులో ఏమీ పడకూడదని. "బువ్వ, బువ్వ" అని ఏడ్చాడు. పక్కనున్న బెంగాలీ అమ్మాయి గంజి గిన్నె తెచ్చి, "థోడా దే దో మౌసీ" అంది, కొంచెం పట్టమని. నేనే వద్దన్నాను. తర్వాత వాడు ఏడవలేదు. నిద్రపోయాడనుకున్నాను. మళ్లీ లేవలేదు.

ఏమైనా తిన్నాడా అత్తా అని మీ అమ్మ అడిగితే గంజి తాగాడన్నాను. అయితే నేను పట్టిన డ్రమ్ము నీళ్లే వాణ్ణి చంపాయి అని తల బాదుకుంది. ఆసుపత్రికి వెళ్లేముందు వాడు దాహమంటే స్కూల్లో డ్రమ్ములోవి మరగబెట్టకుండానే పట్టిందట. నేను కాదనలేదు. ఎందుకనలేదు? ఓదార్చడానికే తాగాడన్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను గానీ, ఓదార్చేదాన్నే అయితే ఆవిడ తల బాదుకుంటుంటే నోరు మూసుకుని ఎలా కూర్చున్నాను?

తర్వాత నువ్వు పుట్టావు. ముందు పిల్లాడు అలా పోయాడంటే డాక్టరమ్మ వదల్లేదు. నీ మడమ గుచ్చి, నెత్తుటి చుక్కలు అట్టముక్క మీద ఆరబెట్టి చెన్నై పంపింది. అక్కడో మిషనుందట. నెత్తుట్లో కంటికి కనపడని వాటిని కూడా బరువుని బట్టి వేరు చేసి చెబుతుందట. మాస్ స్పెక్ట్రో... పేరు నువ్వే సరిగ్గా రాయి. ఆ మిషనే నీ జబ్బు పట్టుకుంది. కడుపు ఖాళీగా ఉంటే నీ ఒంట్లో కొవ్వు శక్తిగా మారదట. జ్వరమొచ్చినా వాంతులైనా ఆకలితో ఉంచొద్దని చెప్పి, డాక్టరమ్మ నావైపు తిరిగింది.

"మాతాజీ, ఆ బాబు ఆరోజు ఏమైనా తిన్నాడా?"

మీ అమ్మ నన్నే చూస్తోంది.

"తిన్నాడమ్మా. గంజి తాగాడు."

"అచ్ఛా. అయితే వాడిదీ ఇదేనని చెప్పలేం."

లంఖణం తెలీక పెట్టాను. ఆ మాట మాత్రం తెలిసే అన్నాను.

ఆ మిషను కనిపెట్టినవాళ్లెవరో, వాళ్ల పిల్లాపాపలు చల్లగా ఉండాలి. ఆ డాక్టరమ్మా చల్లగా ఉండాలి. నీకు జ్వరమొస్తే మీ అమ్మ లేపి మరీ చక్కెర నీళ్లు పట్టేది. గుటక గుటకకీ గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టుకునేదాన్ని. నువ్వు దక్కావు, చాలు. కానీ మీ అమ్మ ఇప్పటికీ ఫిల్టరు నీళ్లు కూడా మరగబెడుతుంది. నువ్వు నవ్వుతావు. నవ్వకమ్మా.

ఏడవకు, రాయి. క్షమించమని రాయకు, అడిగే మొహం నాకు లేదు. వాడు ఆకలని ఏడిస్తే నానమ్మ పెట్టలేదని రాయి. నీ నీళ్ల వల్ల కాదమ్మా అని మీ అమ్మకి రాయి.

రాశావా? హమ్మయ్య, ఊపిరాడుతోంది. మీ అమ్మ డ్యూటీ నుంచి రాగానే చదివి వినిపించు. నేనిక్కడే కూర్చుంటాను.