బజ్జీల వాసన వేసిన తుపాకీ

నాగవేణి, నలభై నాలుగేళ్లు, టీ పూర్తిగా చల్లారాక గాని తాగదు. మా ఆడబిడ్డ. కర్నూల్లో ఆడపిల్లల హైస్కూల్లో పీఈటీ టీచర్. మొన్న ఆదివారం షూటింగ్ రేంజిలో ఆమె పరువు, నా సిద్ధాంతాలు కలిసి ఒకే నూనెలో వేగాయి. ఆ నూనె పోసింది నేనే. వినండి.

గాల్లోకి ఎగిరే మట్టి బిళ్లల్ని తుపాకీతో పేల్చే ఆట ఒకటుంది. క్లే షూటింగ్ అంటారు. ఇన్నాళ్లూ క్లబ్బు తుపాకీతో ఆడిన నాగవేణి ఈమధ్యే లైసెన్సు చేతికొచ్చాక సొంతది కొనుక్కుంది. ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలు. నడుము దగ్గర వంచితే తెరుచుకుంటుంది, రెండు తూటాలు పెట్టి మూసెయ్యాలి. చెప్పడానికి ఇంతే. వంగితే కదా! కొత్త తుపాకీ ఎవరి ముందూ నడుము వంచనంది. నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క విషయంలో దానిమీద నాకు గౌరవం కలిగింది.

కానీ ఆదివారం సెలక్షన్. రాష్ట్ర పోటీలకు జిల్లా నుంచి ఒకే ఒక్క మహిళ. వంతు వచ్చేసరికి తూటాలు పెట్టుకొని నిలబడకపోతే ఆ బిళ్ల పోయినట్టే. పైగా వచ్చే ఏడు ఇలాంటి సెలవులు అడగొద్దని హెడ్మాస్టరు ముందే చెప్పేశాడు. ఇప్పుడు కాకపోతే ఇక లేదు.

తుపాకీ అమ్మినాయనకు ఫోన్ చేసింది. "కొత్తది కదమ్మా, కొన్నాళ్లకు అదే సర్దుకుంటాది" అన్నాడు. స్పీకర్లో విన్న నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మాట ఎక్కడ విన్నాం? ప్రతి కొత్త కోడలి గురించీ విన్నాం! క్లబ్బులో సీనియర్ ఓబులేసప్ప ఇంకో ముక్క కలిపాడు: "ఆడోళ్ల చేతులు కదమ్మా, అంత బలం యాడుంటాది?"

చాలు. ఆ సాయంత్రమే వ్యాసం రాసి పత్రికకు మెయిల్ చేసేశాను. తుపాకీలన్నీ మగవాళ్ల మణికట్టు కొలతకే తయారవుతున్నాయని. అప్పటికి నేను ఒక్క తుపాకీనైనా ముట్టుకున్నదాన్ని కాదు. ఆవేశం ముందు నడిస్తే ఆధారాలు వెనకాల వస్తాయని నా నమ్మకం.

నాగవేణి మాత్రం రోజూ సీరియల్ చూస్తూ ఖాళీ తుపాకీని తెరవడం, మూయడం, తెరవడం, మూయడం. కీలు దగ్గర కాస్త గ్రీజు.

"ఇనుము వదినా ఇది. ఒకదానికొకటి రాసుకొని నునుపెక్కల్ల. నిదానంగా కావల్ల."

"నీ నిదానం చూస్తే ఆ బిళ్లలకే జాలేసి వాటంతటవే పగుల్తాయి" అన్నాను.

నేను కోడుమూరులో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. మగ్గం మీద దారం పట్టుకొని అటూ ఇటూ పరిగెత్తే నాడె సరిగా ఆడకపోయినా, కుట్టుమిషను మొరాయించినా, తలుపు కీచుమన్నా మా ఇంట్లో మందు ఒకటే. బుడ్డల నూనె. మీరు వేరుశనగ నూనె అంటారు. ఎంత మొండి వస్తువైనా రెండు చుక్కలకు దారికొస్తుంది.

శనివారం పొద్దున నాగవేణి తలంటుకోవడానికి వెళ్తూ, "ఖాళీగానే ఉండాది, అయినా ముట్టుకోవద్దు వదినా" అంది. ముట్టుకోవద్దంటే ఆగిపోయే స్వభావం నాకుంటే నేను రచయిత్రిని ఎందుకవుతాను? కీలు నిండా నల్లగా ఏదో మురికి. పాత చీరముక్కతో శుభ్రంగా తుడిచేశాను. (అదే గ్రీజు.) వంటింట్లోంచి గిన్నె తెచ్చి ధారాళంగా పోశాను. అబ్బ! తలుపు తెరిచినట్టు తెరుచుకుంది!

నాగవేణి తలకు తువ్వాలు చుట్టుకొని వచ్చి పట్టుకుంది. వంచింది. కళ్లు పెద్దవయ్యాయి.

"శానా తేలిగ్గా వస్తాండాదే! ఏం జేసినావు వదినా?"

"నేనేం చేస్తాను? నీ చేతికి బలం వచ్చింది. నీ మీద నీకే నమ్మకం లేదు, అదే నీ జబ్బు" అన్నాను. పాపం, నమ్మింది.

ఆదివారం రేంజిలో ఎండ పెనంలా కాలుతోంది. గాలికి దుమ్ము లేస్తోంది. నాగవేణి మొదటి బిళ్లలు టపటపా పేల్చింది. నేను ఈల వేశాను. గొట్టాలు వేడెక్కాయి. అప్పుడు మొదలైంది వాసన. పొద్దున్నే ఉగ్గాని హోటల్ ముందు వచ్చే వాసన.

ఓబులేసప్ప ముక్కు ఎగబీల్చాడు. "యాడో బజ్జీలు ఏస్తాండారప్పా!" అని నలుగురిని వెంటేసుకొని గోడ అవతలికి వెతకడానికి పోయాడు. నేను ఆకాశంలోకి చూస్తున్నాను.

ఆ తర్వాత తుపాకీ తెరుచుకోలేదు. నూనె జిడ్డుకు దుమ్మంతా అంటుకొని కీలు లోపల శనగపిండి కలిపినట్టయింది. ఒక బిళ్ల పోయింది. ఇంకొకటి పోయింది. బజ్జీలు దొరకని ఓబులేసప్ప ఆకలిమీద తిరిగొచ్చి, "ఇటియ్యమ్మా, మగోడు పట్టల్ల" అని లాగాడు. ముఖం టమోటాలా ఎర్రబడింది, తుపాకీ కదల్లేదు.

నాకు మంచి సమయం దొరికింది. "చూశారా! తయారీలోనే పక్షపాతం..." అని ఎత్తుకున్నాను.

"పక్షపాతమేందక్కా? నా కొత్తదాన్ని నెలదినాలు మోకాలికి ఆనించి వంచి తెరిచినా నేను. కొత్తవన్నీ ఇంతే. కానీ ఇంత మొండిది యాడా చూడలే" అన్నాడు ఆయన.

నా వ్యాసం అక్కడే కూలిపోయింది. సర్దుకుంటాదన్న మాట ఈ లోకంలో ఒక్కచోట నిజమైంది, అదీ ఇనుప సామాను విషయంలో.

నాగవేణి తుపాకీని ముక్కు దగ్గర పెట్టుకుంది. నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"బుడ్డల నూనె పోసినావా?"

"కొంచెం..."

"కొంచెమా! దీంట్లో పూరీలు కాల్చొచ్చు గదా వదినా!"

ఓబులేసప్ప నవ్వలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. పరుగున పోయి తన గ్రీజు డబ్బా, గుడ్డ తెచ్చాడు. ఇద్దరూ కలిసి దాన్ని మోకాలికి ఆనించి వంచి తెరిచి, జిడ్డంతా గీకి, గ్రీజు రాశారు. నేను సాయానికి చెయ్యి చాపితే ఇద్దరూ ఒకేసారి "వద్దు!" అన్నారు. స్త్రీపురుషుల మధ్య అంత ఐకమత్యం నా ఉద్యమ జీవితంలో చూడలేదు.

మిగిలిన రౌండ్లలో నాగవేణి ఒక్క బిళ్లనూ వదల్లేదు. పళ్లు బిగించి కాల్చింది. ప్రతి బిళ్లలోనూ ఆమెకు నా ముఖం కనపడిందని నా అనుమానం. పోయినవి పోగా కూడా, వెంట్రుకవాసిలో ఆమే గెలిచింది.

నిన్న రాష్ట్ర పోటీలకు బయలుదేరింది. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. ఓబులేసప్పను తీసుకుపోయింది.