మీ అవ్వ పరీక్షల వస్తదా?

మా చిన్నప్పుడు సోషల్ క్లాసంటే పెన్సిల్ క్లాసే... దేవరుప్పుల దగ్గర మా ఊరి హైస్కూల్లో సారు పాఠం చెప్పేవారు కాదు, బ్రాకెట్లు పెట్టించేవారు. "ఈడికెల్లి ఈడిదాక రెండు మార్కులది... గీడికెల్లి కిందిదాక నాలుగు మార్కులది" అంటుంటే మేం పుస్తకంలో గీతలు గీసుకునేవాళ్ళం. బ్రాకెట్లో పడిందే చరిత్ర... బయట మిగిలింది ఎవరికీ అక్కర్లేదు.

ఎన్ని రాజ్యాలు, ఎన్ని యుద్ధాలు... అన్నీ అట్లాగే బట్టీ పట్టాం. ఏ రాజు ఓటమికి కారణాలైనా ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా వరుసగా అప్పజెబుతాను. ఆ రాజు అసలు ఎందుకు ఓడిపోయాడంటే మాత్రం తెల్లముఖం వేస్తాను.

ఎనిమిదో తరగతిలో వెట్టి చాకిరీ పాఠం వచ్చింది. కూలి ఇవ్వకుండా దొరలు ఊళ్ళోవాళ్ళ చేత పని చేయించుకోవడం... నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. ఆమె వయసులో ఉన్నప్పుడు దొర గడీలో, అంటే ఆయన కోటలాంటి ఇంట్లో, వెట్టి చేసిన మనిషి. పుస్తకంలో ఉన్న ముచ్చట మా ఇంట్లోనే ఉంది! ఆగలేక లేచి నిలబడి, "సార్, మా అవ్వ గూడ గడీల వెట్టి చేసింది" అన్నాను.

సారు పుస్తకంలోంచి తలెత్తలేదు. "మీ అవ్వ పరీక్షల వస్తదా? కూసో" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

ఇంటికెళ్ళి చెబితే అవ్వ నవ్వింది. "మీ సారుకు ఎర్కలేదేమో బిడ్డా... నేనొచ్చి చెప్త తియ్యి" అంది. అన్నట్టే మర్నాడు కలుపు పని మానుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని బడికొచ్చింది. చెప్పులు విప్పి క్లాసు గడప బయటే నిలబడింది.

"దండాలు సారూ... పిల్లలకు గడీ ముచ్చట జర చెప్పి పోత."

"పోర్షన్ గాలేదమ్మా... పరీక్షలు నెత్తిమీదున్నయి. ఇంటికాడ చెప్పుకోపో" అన్నారు సారు.

అవ్వ "సరే సారూ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఇంటి దగ్గరా చెప్పలేదు... ఆ సాయంత్రం అడిగితే "నాది సదువు గాదట గదనే... పో, సదువుకో పో" అంది. తర్వాత ఎంత బతిమాలినా ఒక్క ముక్కే చెప్పేది. గడీలో వడ్లు దంచేటప్పుడు, పాలు తాగే ఆడపిల్లను బయట గంపలో పడుకోబెట్టేదట. పిల్ల ఏడుపు లోపలికి వినబడేదట. రోకలి దించనిచ్చేవాళ్ళు కాదట... అక్కడిదాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పోయేది. నాకు తెలిసి అవ్వకున్నది మా నాయిన, మా చిన్నాయిన... ఇద్దరూ మగపిల్లలే.

ఆ ఏడు పెద్ద పరీక్షల్లో "వెట్టి చాకిరీ అనగానేమి?" అని రానే వచ్చింది. బ్రాకెట్లో ఉన్నది ఉన్నట్టు దించాను. రెండుకు రెండు మార్కులు. ఆ మార్కులు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. తర్వాత కొన్నాళ్ళకే అవ్వ పోయింది.

పోనీ, ఆ కాలం అంతేలే అని సరిపెట్టుకుందామంటే... ఇప్పుడు మేం జనగామలో ఉంటున్నాం. మా అమ్మాయి బడిలో గోడంత డిజిటల్ బోర్డు పెట్టారు. మొన్న ప్రాజెక్టు ఇచ్చారు, "పెద్దలను అడిగి మీ ఊరి చరిత్ర రాయండి" అని. ఎంత సంబరపడ్డానో! తీరా చూస్తే జిరాక్స్ షాపులో అది రెడీమేడ్‌గా అమ్ముతున్నారు. నాలుగు పేజీలు... ఊరి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. దంతాలపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లకూ, పెద్దవంగర పిల్లకూ అదే కోట, అదే చెరువు, అదే జాతర. తండా నుంచి వచ్చే అమ్మాయి కూడా తమ తండాలో కోట ఉందని రాసిచ్చింది.

ఉండబట్టలేక బడికి పోయి టీచరమ్మను అడిగాను. "మేడం, ఆ తండాల కోట ఏడున్నదో జర చూపిస్తరా?"

"ఏం జెయ్యాలక్కా... అందరు గట్లనే తెస్తున్నరు. మాకేమో సిలబస్ ఒడగొట్టుడే అయితలేదు. మార్కులైతే అందరికి ఫుల్లేసినం" అంది.

మార్కుల కోసమా నేను అడిగింది? చరిత్ర చెప్పడం అంత బ్రహ్మవిద్యా? ఆ పాఠం ఎవరి ఇంట్లో ఉందో వాళ్ళను పిలవండి. ఓ కుర్చీ వేయండి. ఒక్క పీరియడ్ వాళ్ళను మాట్లాడనిచ్చి, పిల్లలను అడగనివ్వండి. పుస్తకం ఆ తర్వాత తెరవండి... పిల్లలు ఎట్లా మర్చిపోతారో నేనూ చూస్తాను. కుర్చీ వేయడానికి కూడా పోర్షన్ అడ్డమొస్తుందా?

ఇంటికొచ్చి, ఆ కోపంలోనే మా అమ్మాయికి అవ్వ సంగతంతా చెప్పాను. గంప దగ్గరికొచ్చేసరికి అది నా చేయి పట్టుకుంది.

"ఆ పాప పేరేంది అమ్మా? తర్వాత ఏమైంది?"

మా నాయిన లేరు, చిన్నాయిన లేరు... తెలియదని చెప్పాను.

మీ ఇంట్లో చెప్పేవాళ్ళు ఇంకా ఉంటే, ఈ పోస్టు పక్కన పడేసి ముందు పోయి అడగండి... వాళ్ళు చెప్పింది వచ్చి కింద రాయండి, ఎంత పొడుగున్నా చదువుతాను. మా ఇంట్లో మాత్రం ఒక ఆడపిల్ల పుట్టింది, గడీ బయట ఏడ్చింది... అంతవరకే మాకు తెలుసు.