మా రాజుగారు తెలియని సరస్సుకే వెళ్తారు

కెనడాలో, విన్నిపెగ్‌లో సిటీ బస్సు నడిపే మా ఆయన సుబ్బరాజు గారికి ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలవదు. గేలం కర్రలు కారులో పడేసుకుని ట్రౌట్ చేపల వేటకి బయల్దేరతారు. అదీ తెలిసిన సరస్సుకి కాదు, ఎన్నడూ చూడని సరస్సుకి. మా వీధిలోకి చదువుకోవడానికి కొత్తగా ఎవరొచ్చినా వెంట లాక్కెళ్తారు. పిల్లలు మన ఊళ్లనుంచి వరదలా వచ్చిపడుతున్న ఆ ఏళ్లలో మా కారుకి నీచు వాసన వదిలితే ఒట్టు.

"తెలిసిన చోటికి తీసుకెళ్తే నేను గురువుగారినైపోతాను బేబీ. తెలియని చోట వాళ్లూ నేనూ సమానం," అంటారు నాతో.

నిజానికి ట్రౌట్ దగ్గర మొదట్లో ఆయన పరువే పోయింది. పుట్టి పెరిగింది ఆకివీడు చేపల చెరువుల గట్ల మీద. అక్కడ మనిషి అడుగు చప్పుడైతే చాలు, మేత వేస్తాడని చేపలు గట్టు దగ్గరకి మూగుతాయి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఈయన సరస్సు ఒడ్డున దబదబా నడిచి, గుప్పెళ్లతో తవుడు చల్లి, గేలం వేసి దర్జాగా కూర్చున్నారు. చీకటి పడేదాకా బెండు కదల్లేదు. పక్కనున్న ముసలాయన వచ్చి, ఇక్కడ మేత చల్లకూడదనీ, ట్రౌట్‌కి మనిషి అలికిడంటేనే భయమనీ చెప్పి పోయాడు. నేను వారమంతా నవ్వాను.

ఒక వేసవిలో మా బేస్‌మెంట్‌లో ధాత్రి అద్దెకుండేది. వరంగల్ పిల్ల. చదువు అయిపోయింది, వర్క్ పర్మిట్ వచ్చింది, గోడౌన్‌లో పెట్టెలు మోయడం తప్ప ఇంకో ఉద్యోగం దొరకలేదు. మెల్లగా మాట మానేసింది. తర్వాత వండుకోవడం మానేసింది. నేను ఊరుకుంటానా? పూటపూటా పప్పూ అన్నం పట్టుకుని కిందికి దిగడం, "ఏమైందమ్మా, చెప్పమ్మా" అంటూ తలుపు కొట్టడం. నేను కొట్టేకొద్దీ ఆ పిల్ల ముడుచుకుపోయింది.

"నువ్వు మేత చల్లడం ఆపు," అన్నారు మా ఆయన. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన అన్నది నిజమే.

ఆ ఆదివారం ముగ్గురం వెళ్లాం. దిగగానే ఆయన కర్రలు తీయలేదు. "ముందు సరస్సుని చూద్దాం," అని ఒడ్డు వెంట పిల్లిలా నడిచారు, నీడ నీళ్లమీద పడకుండా. గాలి ఏ ఒడ్డుకి కొడుతోందో చూశారు. పురుగూ పుట్రా అటే కొట్టుకొస్తాయట, వాటికోసం చేపా అటే వస్తుందట. సన్నటి వాగు వచ్చి కలిసేచోట ధాత్రి చేత నీళ్లలో చెయ్యి పెట్టించారు.

"చల్లగా ఉంది కదూ? ఎండాకాలం ట్రౌట్‌కి చలువే కావాలి. అదిగో, అక్కడ నీళ్ల రంగు ముదిరింది చూడు, అది లోతు. ముందు దగ్గరగా వెయ్యి, పడకపోతే ఇంకాస్త దూరం. అప్పటికీ పడకపోతే చోటు మార్చడమే, అలగకూడదు."

గేలాలు వేశాక ఆయన ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. నా నోరు ఎంత దురద పెట్టిందో నాకే తెలుసు. ఫ్లాస్కులో టీ పోసిచ్చి ఊరుకున్నాను.

చాలాసేపటికి ధాత్రి నీళ్లకేసి చూస్తూనే అంది: "అంకుల్, నాకు ఇంటికి పోవాలనుంది."

"వెళ్దువుగాని తల్లీ," అన్నారాయన, మంచినీళ్లు అడిగితే ఇచ్చినంత మామూలుగా.

"చేతకాక వచ్చిందంటరు అంకుల్."

"ఎవరంటారు? అన్నవాళ్లని నా బస్సెక్కనివ్వను."

ఆ పిల్ల నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. ఇన్నాళ్లూ అందరూ ఇంకొంచెం ఓర్చుకోమన్నవాళ్లే. వెళ్లొచ్చని చెప్పిన మనిషి ఈయనొక్కరే.

అక్కడే, ఒడ్డున రాయి మీద కూర్చుని వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని స్పీకర్ పెట్టింది.

"బాపూ, నేను వచ్చేస్తనే. వచ్చెయ్యనా?"

మా ఆయన గేలం కర్ర వంగుతోంది, ఆయన అటు చూడనేలేదు.

"వచ్చెయ్ బిడ్డా," అన్నాడు ఆ తండ్రి. "నీ ఇంటికి నువ్వు వచ్చేటందుకు నన్ను అడుగుడేంది?"